సంతకం పెట్టని చైర్మన్

మరియమ్మను విద్యా కమిటీకి చైర్మన్‌గా ఎన్నుకున్న రోజు ఆమె బడి దగ్గర లేదు. నందవరం పక్కన ఎవరి చేలోనో పత్తికి కలుపు తీస్తూ ఉంది. కమిటీకి నిలబడండని టీచరమ్మ ఎంత బతిమాలినా, వచ్చిన పదకొండు మంది తల్లిదండ్రుల్లో ఒక్కరూ చెయ్యెత్తలేదు. మీటింగంటే ఒక పూట కూలి పోవడమే. అక్కడ లేని మనిషైతే అడ్డం చెప్పదు కదా అని మరియమ్మ పేరు చెప్పి అందరూ దులుపుకుని లేచారు. సాయంత్రం తల నిండా గడ్డిపరకలతో ఇల్లు చేరితే మొగుడు కృపానందం, "చైర్మన్ వచ్చినాది, కుర్చీ ఎయ్యండప్పా" అన్నాడు. ఇంట్లో కుర్చీ లేదు.

సుంకులదిన్నె కాలనీలో డెబ్బై ఇళ్లు. ఒక బడి, రెండు గదులు, ముప్పై ఒక్క మంది పిల్లలు, ఒకే టీచరు. ఎమ్మిగనూరు నుంచి స్కూటీ మీద వచ్చే ఉమాదేవి. నేతగాళ్ల ఇంటి మనిషి, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఆమే దిక్కు. మరియమ్మ కూడా ఈ బడిలోనే ఐదు చదివింది. ఆరో తరగతికి రోడ్డు దాటి, కాలువ దాటి, రెండున్నర కిలోమీటర్ల దూరంలోని పక్క ఊరి పెద్ద బడికి పోవాలి. పోయింది, ఒక నెల. రోజూ ఆలస్యం, రోజూ బయట నిలబడడం. ఆ నెలాఖరుకి వాళ్ల నాయన చేతికి పలుగిచ్చాడు. ఆమె చదువు ఆ కాలువ గట్టు మీదే ఆగిపోయింది.

పేరుకు పెట్టిన చైర్మన్ పేరుకే ఉండి ఉంటే ఈ కథ లేదు. కానీ మరియమ్మ కమిటీ పుస్తకం తెరిచి చదివింది. వేలు పెట్టి, అక్షరం అక్షరం. రెండో టీచరు కావాలని తీర్మానం రాయించి మండలాఫీసుకు పట్టుకుపోయింది. సార్ లేడన్నారు. మళ్లీ పోయింది. పదో సారి పోయినప్పుడు అటెండరే జాలిపడి, సార్ ఏ వేళకు టీ తాగుతాడో చెప్పాడు. సంవత్సరం తిరిగేసరికి వారానికి మూడు రోజులు ఒక టీచరు రావడం మొదలైంది. గుంటూరు పక్క మిరపకోతలకు వలస పోయేవాళ్ల ఇళ్లకు తిరిగి, పిల్లలనైనా అవ్వల దగ్గర వదిలిపెట్టండని కాళ్లా వేళ్లా పడింది. ఐదిళ్ల వాళ్లు విన్నారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి పంతొమ్మిది మంది. మొదటి ఏడు వాళ్లలో రెండో తరగతి వాచకం చదవగలిగింది ఆరుగురు. ఈ మార్చిలో పదిహేను మంది చదివారు. ఆ సంగతి మరియమ్మ తెలిసినవాళ్లందరికీ చెప్పుకుంది. పై నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఎందరు చదువుతున్నారని ఎప్పుడూ అడగలేదు. ఎందరున్నారనే అడిగారు.

మే నెలలో ఒకే వారంలో రెండు కబుర్లొచ్చాయి.

మొదటిది మంచిది. మరియమ్మకు ఒకతే కూతురు, స్వప్న, నాలుగు పూర్తి చేసింది. ఆదోని అవతల గురుకులంలో ఐదో తరగతి సీటుకు పరీక్ష రాస్తే వచ్చింది. కాలనీ మొత్తం మీద ఇంతవరకూ ఎవరికీ రాలేదు. తిండి, బట్టలు, పుస్తకాలు, ఇంటర్ దాకా చదువు, అన్నీ అక్కడే. ఉపాధి పనిలో గుంత తవ్వుతున్న మరియమ్మకు ఉమాదేవి ఫోన్ చేసి చెబితే, గడ్డపార పక్కన పెట్టి కూలబడింది. ఏమైందని పక్కవాళ్లు కంగారు పడ్డారు. రెండు రోజుల్లో రేకు పెట్టె కొన్నారు. స్వప్న దాని మీద తన పేరు తానే రంగుతో రాసుకుంది.

రెండోది, బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు తీసుకుపోయి పెద్ద బడిలో కలుపుతారట. ఇక్కడ ఒకటీ రెండూ మాత్రం ఉంచుతారట. ఆ ఏడు చుట్టుపక్కల చాలా బడుల మాట అదే. తరగతికో టీచరు ఉంటాడు కాబట్టి పిల్లలకు మంచిదే అని చెప్పడానికి క్లస్టర్ హెడ్మాస్టరు వచ్చాడు. మంచి మనిషే, నెమ్మదిగా మాట్లాడాడు. చేతిలో టైపు చేసిన తీర్మానం. దాని మీద చైర్మన్ సంతకం కావాలి. "మా పిల్లలను పంపుటకు మేము సమ్మతించుచున్నాము" అన్న ముక్క దాకా మరియమ్మ పైకి చదివి ఆగింది.

"మేము అంటే ఎవురు సార్? మమ్మల్ని అడగకముందే మేము అని రాసుకొచ్చినారే."

సంతకం పెట్టలేదు. తీర్మానం లేకుండా ఫైలు కదలదని, జూన్ తొమ్మిది దాకా గడువుందని, ఆలోచించుకోమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఫైలు కదలదన్న మాటను మరియమ్మ గట్టిగా పట్టుకుంది. ఆ సాయంత్రం కాలనీ ఆడవాళ్లు వచ్చి ఆమె ఇంటి ముందర కూర్చున్నారు. ముసలి రామక్క అందరికంటే ముందు వచ్చింది. మరియమ్మ మాట మీద రామక్క కొడుకూ కోడలూ ఏటా పిల్లలిద్దరినీ ముసలమ్మ దగ్గర వదిలి మిరపకోతలకు పోతున్నారు. "పత్తి లారీలు తిరిగే రోడ్డు అది. నాకు కండ్లు ఆనవు. వాళ్లను నేనెట్ల దాటించేది, నువ్వే సెప్పు తల్లీ" అంది. సంతకం పెట్టనని మాత్రం మరియమ్మ అంది.

మరునాడు మరియమ్మ స్వప్న టీసీ కోసం బడికి పోయింది. వేసవి సెలవులైనా ఉమాదేవి వచ్చి కూర్చుంది. రిజిస్టరు తీసి, రాయకుండా మూసింది. విషయం సూటిగా చెప్పింది. టీసీ ఇస్తే స్వప్న పేరు ఈ బడి నుంచి పోతుంది. పిల్ల లేని తల్లి కమిటీలో ఉండడానికి లేదు. చైర్మన్ కుర్చీ వైస్ చైర్మన్ దుర్గప్పకు పోతుంది. దుర్గప్పకు ఆటో ఉంది. బడి కలిపితే పిల్లలను చేర్చడానికి సర్కారు నెలనెలా ఇంత అని ఇస్తుంది. అతను ఆ పూటే సంతకం పెడతాడు.

గురుకులంలో చేరడానికి ఆఖరు తేదీ జూన్ నాలుగు. తీర్మానానికి గడువు తొమ్మిది. మధ్యలో ఐదు రోజులు.

పిల్లకు జ్వరమని గురుకులం వాళ్లకు చెప్పి సీటు ఐదు రోజులు ఆపించమని మరియమ్మ అడిగింది. ఉమాదేవి తన ఫోన్‌లోనే మాట్లాడింది. చూస్తామన్నారు తప్ప ఒప్పుకోలేదు. చేరనివాళ్ల సీట్లకు ఆరో తేదీన రెండో జాబితా వేస్తారట. "మరియమ్మా, వాళ్లు ఐదో తరగతికే తీసుకుంటారు. ఈ ఏడు పోతే ఇంక రాదు" అని ఉమాదేవి రెండు సార్లు చెప్పింది. మరియమ్మ ఆ రెండు సార్లూ విన్నది. కానీ ఆమె అనుభవంలో ఏ ఆఫీసూ చెప్పిన తేదీకి చెప్పిన పని చేయలేదు. రెండో టీచరు రావడానికి ఏడాది పట్టింది. మరుగుదొడ్డికి తలుపు ఇంకా రాలేదు. గురుకులం మాత్రం సరిగ్గా ఆరో తేదీకే జాబితా వేస్తుందని ఆమె ఎందుకు నమ్మాలి?

మూడో తేదీ పొద్దున దుర్గప్ప ఆటో తెచ్చి ఇంటి ముందర నిలిపాడు. పిల్లనూ పెట్టెనూ ఆదోని దాకా తానే చేరుస్తానన్నాడు.

"బాడుగ వద్దక్కా" అన్నాడు.

"నా పిల్ల పోతే నీకు కుర్చీ. కుర్చీ వస్తే నీకు ఆటో నిండా పిల్లోళ్లు. బాడుగ ఎందుకడుగుతావులే అన్నా."

దుర్గప్పకు కోపం రాలేదు. "సంతకం పెడతా, నిజమే. నేను పెట్టకపోయినా బడి పోతాది, అదీ నిజమే. బడి నీ చేతిలో ల్యాదు, నా చేతిలో ల్యాదు. పిల్ల సీటొకటే నీ చేతిలో ఉండేది" అన్నాడు.

అబద్ధం చెబితే లాభపడే మనిషి నిజం చెబితే ఎవరు వింటారు? మరియమ్మ లోపలికి పోయింది. ఆటో ఖాళీగా వెనక్కు తిరిగింది. గడపలో నిలబడి స్వప్న అది మలుపు తిరిగే దాకా చూసింది.

ఆ రోజు కృపానందం అన్నం ముందర కూర్చుని తినలేదు. అరిచే మనిషి కాదు, తాగే మనిషీ కాదు. "కాలనీలో ముప్పై ఒక్కరుండారు. మనకుండేది ఒకతే గదే" అన్నాడు. మరియమ్మకు జవాబుంది. ఆ ముప్పై ఒక్కరి అమ్మలూ నన్ను నమ్మినారు, రామక్క మనవళ్లను నేనే ఆపినాను, అని. అది నోటి దాకా వచ్చింది కానీ, పెట్టె మీద కూర్చుని వాళ్లనే చూస్తున్న పిల్ల ముందు బయటికి రాలేదు. తొమ్మిదో తేదీ దాటగానే పోదామని స్వప్నకు చెప్పింది. సరేనంది స్వప్న. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది కూడా.

నాలుగు పోయింది. ఆరు పోయింది. తొమ్మిదో తేదీ మరియమ్మ పనికి పోకుండా బడి అరుగు మీద పొద్దంతా కూర్చుంది. ఎవరూ రాలేదు. సంతకం కావాలని ఫోనైనా రాలేదు. చీకటి పడే వేళకు గెలిచానన్న నమ్మకంతో ఇంటికొచ్చింది. కోడిగుడ్డు కూర చేసింది.

పదో తేదీ తల్లీ కూతుళ్లు పెట్టెతో ఆదోని బస్సెక్కారు. గురుకులం ప్రిన్సిపాల్ వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది. అలా ఇప్పించగానే మరియమ్మకు సగం అర్థమైంది. ఆరో తేదీ జాబితా వేశారు, ఏడుకల్లా హొళగుంద పక్క పిల్ల వచ్చి చేరిపోయింది, ఇప్పుడు ఖాళీ లేదు. మరియమ్మ చాలా సేపు బతిమాలింది. కమిటీ అంది, తీర్మానం అంది, తన ఊరి బడి సంగతంతా చెప్పింది. ప్రిన్సిపాల్ అంతా విని, చివర ఒకే మాట అడిగింది. ఆ ఐదు రోజుల్లో ఒక్కసారైనా పాపను తీసుకుని ఎందుకు రాలేదమ్మా అని. బయట మైదానంలో కొత్త పిల్లలు కొత్త చొక్కాల్లో వరసగా నిలబడి ఉన్నారు. తిరుగు బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చింది. కండక్టర్ కింద పెట్టమన్నా స్వప్న పెట్టలేదు.

పన్నెండో తేదీ బడి తెరిచారు. తొమ్మిదిన్నరకు ఉమాదేవి ఫోన్‌కు ఆర్డరు వచ్చింది. కలిపే బడుల జాబితాలో సుంకులదిన్నె ఉంది. కింద ఒక వాక్యం. తీర్మానం అందని చోట కమిటీ సమ్మతించినట్లే భావించవలెను. ఉమాదేవి దాన్ని పైకి చదవలేక ఫోనే మరియమ్మ చేతికిచ్చింది. మరియమ్మ వేలు పెట్టి చదివింది. ఒకసారి చాల్లేదు, మళ్లీ చదివింది. ఉమాదేవికి ఆ మధ్యాహ్నమంతా పంతొమ్మిది టీసీలు రాయడానికే సరిపోయింది. అందులో ఐదో తరగతి నుంచి మొదటి పేరు స్వప్నది. దాంతో మరియమ్మ చైర్మన్‌గిరీ పోయింది. మిగిలిన పన్నెండు మంది పిల్లల కమిటీకి దుర్గప్ప చైర్మన్ కావాలి. కానీ అతని కొడుకు చదివేదీ మూడో తరగతే. వాడి పేరూ ఎగిరిపోయింది.

ఆటోలో పంతొమ్మిది మంది పట్టరు కాబట్టి దుర్గప్ప రెండు సార్లు తిరుగుతాడు. చిన్నపిల్లలు ముందు. రామక్క మనవళ్లు ఆ మొదటి ఆటోలోనే పోతున్నారు. ముసలమ్మ ఆ మాత్రానికే సంతోషించింది, మరియమ్మను ఒక్క మాట అనలేదు. పెద్ద పిల్లలు చేరేసరికి మొదటి పీరియడ్ లెక్కలు అయిపోతాయి. మూడో రోజు అది తెలిసి మరియమ్మ కూతుర్ని తానే నడిపించుకుపోవడం మొదలుపెట్టింది. ఆ వేళకు పొలాలకు పోయే కూలి గుంపు వెళ్లిపోతుంది. దొరికితే సగం పూట పని, లేకపోతే అదీ లేదు.

రోడ్డు దగ్గర లారీలు ఆగే దాకా నిలబడాలి. ఒక పొద్దున అలా నిలబడి ఉన్నప్పుడు మరియమ్మ, ఎన్నాళ్లనుంచో లోపల పెట్టుకున్నది అనేసింది.

"నాదే తప్పు పాపా. దుర్గప్ప సెప్పినప్పుడే నిన్ను పంపించాల్సింది."

స్వప్న లారీల వైపే చూస్తూ ఉంది. తిట్టినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. రోడ్డు ఖాళీ కాగానే సంచీ భుజాన సర్దుకుని, "ఈడనుంచి నేను పోతాలేమ్మా. నువ్వు పనికి పో, ఆలస్యమైతాది" అంది.

పరుగెత్తకుండా, అటూ ఇటూ చూసుకుంటూ, పెద్దమనిషిలాగా రోడ్డు దాటింది. కాలువ గట్టెక్కింది. మరియమ్మ ఇవతలే నిలబడింది. పనికి పోదామన్నా గుంపు వెళ్లి గంటయింది.