రెండు ప్లేట్ల బిల్లు

2023 ఎండాకాలం. నరసరావుపేటలో మా హోటల్ మొదటి అంతస్తులో ఉన్న బాంక్వెట్ హాలుకి నేను మేనేజర్ని. ఇప్పటికీ నేనే. బాంక్వెట్ అంటే మరీ పెద్ద సంగతేం కాదు. ఓణీల ఫంక్షన్లు, నిశ్చితార్థాలు, ఎరువుల కంపెనీల డీలర్ మీటింగులు, వీటికి హాలు అద్దెకిచ్చి భోజనం పెట్టడం. ఎన్ని ప్లేట్లు లేస్తే అన్ని ప్లేట్లకి హాలు బుక్ చేసినవాళ్ల దగ్గర బిల్లు తీసుకుంటాం. ప్లేట్ల లెక్కలో తేడా వస్తే మా ఓనరు గారికి నిద్రపట్టదు. బిర్యానీలో ఉప్పు తేడా వస్తే నాకు పట్టదు.

ఆ వేసవి ఆదివారాలన్నీ ఒక టైమ్‌షేర్ కంపెనీ బుక్ చేసుకుంది. టైమ్‌షేర్ అంటే, గోవాలోనో మున్నార్‌లోనో ఒక రిసార్టులో గది ఏడాదికో వారం చొప్పున పాతికేళ్లపాటు మనదన్నమాట. ఆ హక్కు కోసం డబ్బు ముందే కట్టాలి. తర్వాత ఏటా మెయింటెనెన్స్ కట్టాలి. వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి. మిర్చి రేటు పడిపోయిన ఏడాది కూడా కట్టాలి.

బట్టల షాపుల్లో, పెట్రోలు బంకుల్లో లక్కీ డ్రా కూపన్లు రాయించుకుని, "మీరు గెలిచారు, ఆలుమగలిద్దరూ వచ్చి గిఫ్టు తీసుకోండి, భోజనం కూడా మాదే" అని ఫోన్లు చేసేవాళ్లు. వచ్చిన జంటకో టేబులు, టేబులుకో సేల్స్ అమ్మాయో అబ్బాయో. వాళ్ల పెద్దని సేల్స్ హెడ్ అంటారు. పేరు వినీత్. ఇస్త్రీ చొక్కా, తేనె పూసిన మాట. మొదటి రోజే నాకు జాగ్రత్తలన్నీ చెప్పాడు. గోడ గడియారం తీసేయాలి. తలుపులు మూసి ఉంచాలి. పిల్లల్ని పక్క గదిలో కార్టూన్ల ముందు కూర్చోబెట్టాలి, వాళ్ల ఏడుపు వంకతో పెద్దవాళ్లు లేచిపోకూడదు. ఎవరైనా సంతకం పెడితే మా సర్వర్లు కూడా చప్పట్లు కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ధర చెప్పకముందే భోజనం వడ్డించేయాలి.

"అదేంటి, అందరూ మీటింగయ్యాక పెడతారుగా?" అన్నాను.

"తిన్నాక కాదనడం కష్టం సార్. ఎక్కడైనా అంతే. మీ ఏరియాలో ఇంకా బాగా పనిచేస్తుంది" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే వాడు చెప్పింది నిజం. మా పల్నాడు ఊళ్లలో పార్టీ గొడవలున్నవాళ్లు ఎదుటివాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. ముడితే తర్వాత వాళ్ల మీద నోరు లేవదు. అన్నం తిన్నామంటే ఇక చెప్పేదే లేదు. పంచాయితీల్లో ఒకడి నోరు మూయించడానికి "నువ్వు వాళ్లింట్లో తినలా?" అన్న ఒక్క మాట చాలు. అలాంటి మనుషుల మీద ప్రయోగించడానికి వీడికి నా బిర్యానీ దొరికింది.

రెండో ఆదివారం వచ్చినవాళ్లలో నాగేంద్రమ్మ, కోటేశ్వరరావు ఉన్నారు. నూజెండ్ల మండలంలో ఊరు వాళ్లది. అతను పిడుగురాళ్ల నుంచి సున్నం లారీ తోలతాడు. ఆమె మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. నరసరావుపేటలో బట్టలు కొన్నప్పుడు కూపను రాశారట. వాళ్ల టేబులు దగ్గర కూర్చున్న అమ్మాయి వచ్చినప్పటి నుంచీ "పిన్నీ, బాబాయ్" అని ఒకటే పిలవడం. నాగేంద్రమ్మ ప్లేట్లో దగ్గరుండి లెగ్ పీసు కూడా వేయించింది.

నేను నీళ్ల జగ్గులు మార్పించే వంకన ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాను. ముందు ఒక ధర చెప్పారు, వినగానే గుటక పడని ధర. వీళ్లు బిత్తరపోగానే వినీత్ వచ్చి దాన్ని సగానికి కోసేశాడు. దీన్ని వాళ్లు డ్రాప్ అంటారు. "ఈ రేటు ఈ రోజుకే. మీకోసం నా ఉద్యోగం పణంగా పెడుతున్నాను" అన్నాడు. ప్రతి టేబులు దగ్గరా అదే ఉద్యోగం పణంగా పెట్టేవాడు. వాడికెన్ని ఉద్యోగాలున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

"ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్తామండీ" అన్నాడు కోటేశ్వరరావు.

"ఇంట్లో ఎవర్ని అడగాలన్నా? ఇంటి పెద్ద మీరు కాదా?" అన్నాడు వినీత్. తర్వాత నాగేంద్రమ్మ వైపు తిరిగి, "అక్కా, పెళ్లయి ఇన్నేళ్లయింది, అన్న ఒక్కసారైనా నిన్ను సముద్రానికి తీసుకెళ్లాడా?" అన్నాడు.

ముందు పౌరుషం మీద కొట్టాడు, తర్వాత సిగ్గు మీద కొట్టాడు. కోటేశ్వరరావు ముఖం కందగడ్డయింది. చేతులు కడుక్కునే నెపంతో బయటికొచ్చి నన్ను చూసి ఆగాడు.

"ఏందన్నా ఇది? కడుపు నిండా తిని ఇప్పుడు లేచిపోతే బాగోదేమో గదా?"

"బాగోకపోవడం ఏంది? శుభ్రంగా లేచి పో" అన్నాను.

అతను తల ఊపాడు. కానీ ఆ అమ్మాయి వెనకే వచ్చి "బాబాయ్, ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. కాసేపటికి లోపల చప్పట్లు మోగాయి. స్వైప్ మెషీన్లో గీకింది నాగేంద్రమ్మ కార్డే.

మంగళవారం ఆమె ఒక్కతే మా హోటల్‌కి వచ్చింది. కంపెనీ నంబరు ఎత్తడం లేదట. ఎత్తినప్పుడు "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అంటున్నారట. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఆ డబ్బులు కారం పట్టే మర కొనడానికి దాచుకున్నవి. చానా ఏళ్లు ఆ కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీశా. చేతులు మండతా ఉంటే నా బిడ్డకి అన్నం కలిపి పెట్టలేకపోయా. పొదుపు సంఘంలో అప్పు తీసి, ఉన్నది కలిపి పెట్టుకున్నా. సోమవారం లోపల డబ్బు కట్టకపోతే గుంటూరాయన మర ఇంకోళ్లకి ఇచ్చేస్తానంటన్నాడు."

"మరి కార్డు ఎందుకిచ్చావమ్మా?"

"ఆయన అకౌంట్లో లేవు. అంతమందిలో ఆయన తల దించుకుంటా ఉంటే చూళ్లేకపోయా." ఆ మీదట అసలు సంగతి చెప్పింది. "పైగా వాళ్ల కూడు తింటిమి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లం కాదు గదన్నా మేము."

వినియోగదారుల ఫోరంలో కేసు వేయమన్నాను. "వాయిదాలు అయ్యేదాకా మర ఆగుద్దా?" అంది. వినీత్ ఆదివారం మళ్లీ వస్తాడని మాత్రం చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండా జంటలు. భోజనాలు అయిపోతున్నాయి, ఇంకా ధర చెప్పలేదు. నాగేంద్రమ్మ మెట్లెక్కి తిన్నగా నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. కోటేశ్వరరావు లారీ రోడ్డు అవతల ఆపుకుని అందులోనే కూర్చున్నాడు, లోపలికి రావడానికి ముఖం చెల్లక.

"పోయిన ఆదివారం మేమిద్దరం తిన్నాం గదా. ఆ రెండు ప్లేట్లకి బిల్లు రాయన్నా."

"అది కంపెనీ ఎప్పుడో కట్టేసిందమ్మా."

"కట్టనియ్యి. నాది నేను కడతా. వాళ్ల కూడు కడుపులో ఉంటే నాకు నోరు పెగలటల్లా. నా కూడు నేను కొనుక్కుంటే, అప్పుడు మాట్టాడతా."

ఒకరు పెట్టిన విందుకి ఇంకొకరికి బిల్లు రాయడం మా వృత్తిలో లేదు. పెళ్లి భోజనానికి ఎవరైనా బిల్లు కడతారా? నా సర్వీసంతా వెతికినా అలాంటి బిల్లు ఒక్కటి దొరకదు. కానీ ఆమె ముఖం చూశాక నా చెయ్యి పుస్తకం మీదికి దానంతటదే వెళ్లింది. కొంచెం తగ్గించి రాయబోయాను.

"తగ్గించమాక. తగ్గిస్తే మళ్లీ నీ దగ్గర మొహమాటం."

సరేనని పూర్తి ధరే రాశాను. కొంగుముడి విప్పి ఇచ్చింది. రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుంది. తర్వాత రెండు చేతులతో హాలు తలుపు తోసింది.

హాలు మధ్యలో నిలబడి ఆమె అరవలేదు, ఏడవలేదు. పొలం గట్టు మీద నుంచి అవతలి గట్టుకి మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది. "అమ్మా, అయ్యా, మిమ్మల్నే. నేనూ పోయిన వారం ఇట్టాగే ఇక్కడ కూకున్నా. ఇట్టాగే పిన్నీ అన్నారు, ఇట్టాగే వడ్డించారు. ఇప్పుడొక రేటు చెప్తారు చూడండి. ఆనక ఈ బాబొచ్చి సగం కోస్తాడు. మీకోసం ఉద్యోగం పోయినా పర్లేదంటాడు. మీ ఆయన సముద్రం చూపించాడా అనడుగుతాడు."

వినీత్ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇది ప్రైవేట్ ఈవెంట్. మేనేజర్ గారూ, ఈవిడ మా గెస్ట్ కాదు, బయటికి పంపండి!"

"మీ గెస్ట్ కాదు కరెక్టే. మా హోటల్ కస్టమర్. బిల్లు కట్టింది" అన్నాను.

"ఏం బిల్లు?"

"భోజనం బిల్లు."

వినీత్ అప్పటికే మా ఓనరుకి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. అటువైపు నుంచి కేకలు. "ఏంది సీనయ్యా, గిరాకీని చెడగొడతన్నావంట! ఆ మనిషిని కిందకి దించు ముందు!"

"డబ్బులు తీసుకున్న కస్టమర్ని గెంటితే హోటల్ పేరు పోద్దండీ. గెంటాల్సిందే అంటే మీరొచ్చి గెంటండి. నా చేత్తో కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. భయం వేయలేదంటే అబద్ధం. ఇంటి అద్దె, పిల్ల కాలేజీ ఫీజు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. ఓనరు గారు ఇంకో నాలుగు తిట్లు తిట్టి పెట్టేశారు. రాలేదు.

నాగేంద్రమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "సముద్రం చూడాలంటే బాపట్ల దాకా రైలుంది బాబూ. పొద్దున పోయి సాయంత్రానికి వత్తాం. ఏడాదికో వారం ఆ రిసార్టులో కూకుంటే నా వంతు తొడిమలు నువ్వు తీస్తావా?" ఎవరో ఫక్కున నవ్వారు. ఆమె జంటల వైపు తిరిగింది. "తిన్నామే, ఎట్టా లేస్తాం అని కుమిలిపోమాకండి. నేనూ అట్టాగే కుమిలి మునిగా. బయట కౌంటర్లో ఆ అన్న బిల్లు రాస్తాడు. ఎవరి కూటికి వాళ్లు కట్టుకోండి. ఆనక కొంటే కొనండి, పోతే పోండి."

ముందు సత్తెనపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచాడు. భార్యని లేపి, నా దగ్గరికి వచ్చి, "మా రెండు ప్లేట్లు ఎంతండీ?" అన్నాడు. ఆయన వెనక ఇంకో జంట. వాళ్ల వెనక ఇంకొకరు. మా కౌంటర్ ముందు క్యూ తయారైంది. పెట్టిన భోజనానికి డబ్బులు కడతామని జనం తోసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, ఇక ముందు చూస్తానని నమ్మకం కూడా లేదు. రాస్తున్నంతసేపూ నాకు నవ్వు ఆగలేదు.

వినీత్ తేనె ఆరిపోయింది. "మీ డబ్బులకి చెక్ పంపిస్తానమ్మా, ముందు మీరు బయటికి రండి" అన్నాడు.

"చెక్కొద్దు. డబ్బు పడ్డట్టు నా ఫోన్ మోగాలి. మోగిందాకా ఈడే కూకుంటా. వచ్చే ఆదివారం కూడా వత్తా, ప్లేటు కొనుక్కుని మరీ వత్తా" అని నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

వినీత్ మూలకి వెళ్లి హైదరాబాద్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. బతిమాలాడు, కసురుకున్నాడు, మళ్లీ బతిమాలాడు. హాలు సగం ఖాళీ అయ్యేసరికి నాగేంద్రమ్మ ఫోన్ మోగింది. మెసేజ్ నా చేత రెండుసార్లు చదివించుకుంది. మొత్తం డబ్బు వచ్చేసింది.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డు అవతలికి చెయ్యి ఊపింది. కోటేశ్వరరావు సున్నం బట్టలతోనే పైకొచ్చాడు. భార్యవైపు చూడలేక చెప్పులవైపు చూస్తూ "ఏమే, అయిందా?" అన్నాడు.

"అయింది. పద, గుంటూరు పోవాలి. రేపటిదాకా ఎందుకు, ఇయ్యాలే కడదాం" అంది. అంతమందిలో అతన్ని ఒక్క మాట అనలేదు.

ఆ కంపెనీ మళ్లీ మా హాలుకి రాలేదు. ఓనరు గారు చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. పెళ్లిళ్ల సీజన్ వచ్చి హాలు తీరిక లేకుండా నిండాక ఆ సంగతే ఎత్తడం మానేశారు. నాగేంద్రమ్మ మర ఆడుతోంది. మా వంటింట్లో కారం ఆమె దగ్గర కొన్నదే.

అమ్మేవాడు అమ్ముకుంటాడు, అది వాడి వృత్తి. కొనేవాడు కాదనగలగాలి. ఆ కాదనే నోటిని ముద్దతో కట్టేయడం వ్యాపారం కాదు, దొంగతనం. ఈ మాట చదువుకున్న వినీత్ నుంచి కాదు, నాగేంద్రమ్మ దగ్గర నేర్చుకున్నాను. తర్వాత ప్లాట్లు అమ్మేవాళ్లు వచ్చారు, ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చారు, ఇంకా ఏవేవో మెంబర్‌షిప్‌ల వాళ్లు వచ్చారు. అందరికీ బుకింగ్‌కి ముందే ఒకే మాట చెప్తున్నాను. గడియారం గోడ మీదే ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది, ధర చెప్పాకే భోజనం పెడతాను, వద్దని లేచి వెళ్లేవాడికి కూడా కడుపు నిండా పెడతాను. ఇష్టం లేకపోతే ఇంకో హాలు చూసుకోండి.