రెండో బేసు సంచి

నేను ఖోఖో ఆడి, ఖోఖో నేర్పి బతికినవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాప్తాడు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు సారుగా ఉన్నప్పుడు, అనంతపురానికి శిక్షణకని పిలిచి, ఒక బ్యాటూ కొన్ని గ్లవ్సులూ చేతిలో పెట్టి, ఇకనుంచి ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పమన్నారు. ఆ ఆట నాకే సరిగ్గా అంతుబట్టలేదు. బంతిని గాల్లోనే పట్టేస్తే, అప్పటికే పరుగు తీసిన పిల్ల మళ్ళీ వెనక్కి ఎందుకు రావాలో పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా బుర్రకెక్కేది కాదు. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టు మొదలైంది మా ఆట.

ఇచ్చిన సామానులో బేసులు లేవు. మైదానంలో నాలుగు మూలల్లో బేసులు పెట్టాలి. ఆడే పిల్ల వాటిని వరసగా తొక్కుతూ చుట్టి రావాలి. ఒక్కటి తొక్కకుండా దాటినా ఔటే. "ఇంటినుంచి గోనెసంచి తేండి. తేనోళ్ళు రేపట్నుంచి గ్రౌండుకు రావద్దండి" అని అరిచాను. మూడు సంచులు వచ్చాయి. ఇసుక పోసి మూతి కుట్టాం. నాలుగో మూలకు ఒక చెక్కముక్కతో సరిపెట్టాం.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. గొర్రెల వెంట ఉరికిన కాళ్ళు. బంతిని కొట్టిందంటే ఇక ఆగేది కాదు. ఆ ఏడు చినుకు లేక వాళ్ళ శెనక్కాయ చేను మాడిపోయింది. అమ్మానాయనలు బెంగళూరుకు మట్టిపనికి పోవడానికి సిద్ధపడ్డారు. పిల్లను ఒంటరిగా వదల్లేరు కనుక బడి మాన్పించి వెంట తీసుకుపోవాల్సిందే. జిల్లా జట్టుకు ఎంపికైతే మాత్రం హాస్టల్లో సీటు దొరుకుతుంది, చదువు ఆగదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

అయినా ఏం లాభం! మొదటి బేసు తొక్కేది, మూడోదీ తొక్కేది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మేకపిల్లలాగా ఒక్క గెంతు గెంతి దాటేసేది.

"ఎందుకు తొక్కలేదే?"

"తొక్కుతా సార్."

మళ్ళీ గెంతింది. ఎలా తిరగాలో నేలమీద సున్నంతో గీత గీసి చూపించాను. గీతమీదే ఉరికింది, సంచి మాత్రం దాటేసింది. కళ్ళు సరిగా కనపడవేమో అనుకున్నాను. ఒకరోజు రెండో సంచినీ మూడోదాన్నీ అటూ ఇటూ మార్చి పెట్టాను. ఖర్మ! ఈసారి రెండోది తొక్కి, మూడోది గెంతింది. నాకు పిచ్చెక్కినంత పనయింది. "నన్ను ఎగతాళి చేస్తాండావా?" అని గద్దించాను.

ఎంపికలు రెండు రోజులున్నాయనగా వాళ్ళ నాయన మైదానానికి వచ్చాడు. ఆదివారం బస్సెక్కుతున్నారట, పిల్ల సంగతి తేల్చుకుపోదామని వచ్చాడు. నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"ఏమప్పా, నీ కూతురికి నువ్వన్నా చెప్పు. ఆ సంచంటే ఏం పగ దానికి? ఇట్లయితే ఎవురు తీసుకుంటారు దీన్ని?"

అతను పోయి సంచిని తిరగేశాడు. అడుగున వెలిసిపోయిన పసుపు మరకలు.

"ఇది ఇత్తనాల సంచి సార్. ఏటా దీంట్లో కాయలు పోసి, పసుపు కుంకుమ పెట్టి చేనికి తీసకపోతాము. కాలు తగిలితే వాళ్ళమ్మ ఊరుకోదు."

"మరి ఇదే ఎందుకు తెచ్చింది?"

"ఇంట్లో ఇంకోటి లేదు సార్. తేకుంటే రావద్దంటిరంట గదా."

సంచి మార్చేద్దాంలే అన్నాను.

"ఆడ అనంతపురంలో ఎవురింటి సంచి పెట్టింటారో ఎవురికి తెలుసు సార్" అంటూ అతను చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. కూతురి వైపు చూస్తూ కుడికాలు ఎత్తి సంచి నడిమధ్య పెట్టాడు.

"సూడు పాపా. నేను తొక్కినా. ఏమన్నా అయ్యిందా? ఉరుకు."

ఆ పిల్ల ఏడుస్తూ ఉరికింది. సంచిని గట్టిగా తొక్కింది. శభాష్ అనాల్సింది నేనే, కానీ సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక విజిల్ పట్టుకుని ఊరికే నిలబడిపోయాను.

అనంతపురంలోనూ ఇసుక సంచులే పెట్టారు. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ తొక్కింది. సాయంత్రం పేర్లు చదివారు. దాని పేరు వచ్చింది.

ఆదివారం పొద్దున వాళ్ళ నాయన మళ్ళీ మైదానానికి వచ్చాడు. భార్య మూటలతో రోడ్డుమీద బస్సుకోసం కాచుకుని ఉంది. సంచి తీసుకుపోతానన్నాడు. కుట్లు విప్పి ఇసుక గుమ్మరించి, కుళాయి కింద సంచిని శుభ్రంగా కడిగి, పిండి, కళ్ళకద్దుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు.

"మొన్న నువ్వే కాలు పెడితివి కదప్పా. ఇంక దాంతో పని లేదనుకున్న్యా నేను."

"కాలు పెట్టింది బిడ్డ కోసం సార్" అన్నాడు, తడి సంచిని మడిచి చంకలో పెట్టుకుంటూ. "వానొస్తే ఇత్తనాలు దేంట్లో పోయల్ల?"