నాలుక మీద ఆకుపచ్చ రేకు

మా అమ్మ మెదక్ దగ్గర మిషన్ దవాఖానలో నర్సు. ముప్పై ఏళ్లు ఊళ్లవాళ్లతో మాత్రలు మింగించింది. మింగాక "నాలుక చూపియ్" అనకుండా ఎవరినీ వదిలేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి గొంతు బలహీనపడితే నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒకరోజు మాత్ర అడ్డం పడి ఊపిరాడక గిలగిలలాడింది. అప్పటి నుంచి చిక్కటి జావ తప్ప దేనికీ నోరు తెరవదు. నేనిచ్చిన మాత్రలన్నీ ఆమె కొంగు ముడిలో దొరికేవి.

చర్చిలో ప్రభువు బల్లకు కూడా వెళ్లడం మానేసింది. అందరూ రొట్టె, ద్రాక్షరసం గిన్నె తీసుకోవడానికి లేస్తుంటే బెంచీలోనే తల వంచుకుని కూర్చునేది. నేను చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. నా బెంగంతా ఆమె ఒంట్లో రక్తం తగ్గిపోతోందనే.

చివరికి డాక్టరు కొత్త మందేదో రాశాడు. అబిడ్స్‌లో మందుల షాపాయన ఒక పల్చటి పాకెట్టు చేతిలో పెట్టాడు.

"ఏందిది?"

"ఆకులకెళ్లి తీసిన సత్తువ మేడమ్. కాయితం లెక్క పల్చగుంటది, నాలుక మీద పెడితె కరుగుతది. నీళ్లు గూడ అక్కర్లే."

"ఆకుకూర కాయితమెట్లయితది? నా చెవుల పూలు పెడుతున్నవా?"

"డాక్టర్ సాబే రాసిండు గద" అని నవ్వాడు.

నాంపల్లిలో మా ఇంటికొచ్చి ఒకటి విప్పి కిటికీ దగ్గర పట్టుకున్నాను. పూతరేకు కన్నా పల్చన. అందులోంచి రోడ్డు మీది ఆటోలు ఆకుపచ్చగా కనిపించాయి. ఎన్ని ఆకుల సారమో ఇంత చిన్న రేకులో, అనుకుంటే ఒళ్లు జలదరించింది.

అమ్మ పెదవులు బిగించింది. నాకు ముక్కు మీద కోపం.

"ఊరందరికీ మింగిచ్చినవు, నీకేమైతది?"

"ముందు నువ్వు పెట్టుకో."

పెట్టుకున్నాను. చూస్తుండగానే కరిగిపోయింది.

"నాలుక చూపియ్" అంది. చూపించాను.

అప్పుడు అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మూసుకుని నాలుక చాపింది. రేకు పెట్టి ఊపిరి బిగబట్టాను. దగ్గు రాలేదు. ఆమె ముఖంలో అంత నిమ్మళం నేను చూసి ఎన్ని నెలలైందో. ఇంతలో ఆమె రెండు చేతులూ మెల్లగా పైకి లేచి, దేన్నో అందుకోబోయినట్టు గాలిలో ఆగాయి.

కళ్లు తెరిచి, ఖాళీ చేతులు చూసుకుని సిగ్గుపడింది.

"గిన్నె వస్తదనుకున్న బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆమె దేనికి మొహం వాచి ఉందో నాకు పట్టనే లేదు.

"డాక్టర్ను అడుగుదామమ్మా. ఆయన సరేనంటే చర్చిల అయ్యగారికి చెప్తా, రొట్టె బియ్యపు గింజంత తుంచి, గిన్నెల నానబెట్టి ఇమ్మని."

 నేను అడగకుండానే అమ్మ నాలుక చాపి చూపించింది. ఆకుపచ్చ మరక తప్ప ఏమీ లేదు.

"ఆదివారం చర్చికి నా తెల్ల చీర ఇస్త్రీకెయ్" అంది.