యాది మరువని తీగ

ఈ రోజు మా ఇంటాయనకు ఒక తీగ మీద కోపమొచ్చింది. ఆయన కరీంనగర్‌లో వెండి తీగతో పూలు అల్లే పనిమంతుడు. ఇంజినీరింగ్ చదివే నా మేనకోడలు కాలేజీ నుంచి ఏదో కొత్తరకం తీగ తెస్తే, దాన్ని పువ్వులా వంచి చూపిండు. ఆ పిల్ల వేడినీళ్లలో వేసింది. పువ్వు పోయి తీగ నిటారుగా అయింది.

“ముప్పయ్యేండ్ల చెయ్యి నాది. దానికి ఈ తీగ జరంత ఇజ్జత్ ఇయ్యదా?” అన్నడు.

“నిప్పుల నేర్చిన రూపమే దానికి యాదికుంటది, మామా.”

“నిప్పు నా తాన లేదా?”

మళ్లీ పువ్వు చుట్టి, మేకులతో బిగించి కుంపటిలో కాల్చిండు. చల్లారినంక నేను చేత్తో సాపు చేసి వేడినీళ్లలో వేస్తే, రేకులు ఒక్కొక్కటే లేచినయి. ఆయన మీసాల చాటున నవ్విండు.

రేపటి నుంచి దాన్ని రోజూ సాపు చేసి హారతి పళ్లెంలో పెడత. దేవునికి ఒకసారి పెట్టిన పువ్వును మళ్లీ పెట్టం గదా. రోజూ హారతి వేడికి కొత్తగా విచ్చే దీన్ని నిన్నటి పువ్వనాలా, ఈనాటి పువ్వనాలా? మీరే చెప్పండి.