బడి కోసం వేసిన నాటు

మా ఊరి హైస్కూలు తల్లిదండ్రుల కమిటీకి నన్ను చైర్‌పర్సన్‌ను చేసింది నా తెలివో పలుకుబడో చూసి కాదు. ఆ రోజు మీటింగుకు వచ్చినవాళ్లలో చివరిదాకా కూర్చున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు సంతకం పెట్టి, చాయ్ తాగి వెళ్లిపోయారు. హెడ్‌మాస్టర్ సారు చుట్టూ చూసి, "అమ్మా, మీరు ఇంటర్ దాకా సదువుకున్నరు గద, మీరే ఉండుండ్రి" అన్నాడు. మామూలుగా అయితే ఒప్పుకునేదాన్ని కాదు. కానీ ఆ మీటింగుకు నేను ఒక పని మీద వెళ్లాను.

మా ఊరు నల్లగొండ జిల్లా హాలియా దగ్గర. కాలువకు నీళ్లు వదిలితే ఊరంతా పొలాల్లోనే ఉంటుంది. నేను ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు, స్కూలు డ్రెస్సులు కుడతాను. మా ఆయన డీసీఎం వ్యాను నడుపుతాడు, వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. మా బిడ్డ అప్పుడు ఎనిమిదో తరగతి. బడి నుంచి వస్తూనే సంచి గడపలో పడేసి ఇంటి వెనక్కి పరుగెత్తేది. ఎంత ఎండగా ఉన్నా, పొద్దున నింపి ఇచ్చిన నీళ్ల సీసా నిండుగానే తిరిగి వచ్చేది. ఒకరోజు గట్టిగా అడిగితే చెప్పింది.

"నీళ్లు తాగితే పోవాలె గదనే అమ్మా. ఆడ నల్లా లేదు, ఏం లేదు. వాసనకు లోపటికి పోబుద్ధి గాదు. డేట్ వచ్చినప్పుడైతే పెద్దక్కలు బడికే రారు."

ఆడపిల్లల మరుగుదొడ్లు కట్టి చాలా ఏళ్లయింది. గోడల మీద రంగులు, బొమ్మలు, చేతులు శుభ్రంగా కడుక్కోవాలనే రాతలు కూడా ఉన్నాయి. నీళ్ల లైను మాత్రం లేదు. మీటింగులో నేను అడిగింది అదే. "పైకి రాసినం అమ్మా, ఫండ్ రావాలె" అన్నాడు సారు. ఆయన చెడ్డవాడు కాదు. లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉంటే పదో తరగతికి లెక్కలు తనే చెప్పేవాడు. కానీ ఏది అడిగినా ఆ ఒక్క మాటే. వింటుంటే ఒళ్లు మండేది.

సరే, మేమే చందా పోగు చేద్దామని మళ్లీ మీటింగు పెట్టించాను. పొద్దున పదకొండింటికి. నేను, సారు, అటెండరు కూర్చుని గోడ మీది గడియారం చూసుకున్నాం. ఒక్క తల్లి రాలేదు, ఒక్క తండ్రి రాలేదు. ఆ పొద్దు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఈ ఊళ్లో బిడ్డను కన్నది నేనొక్కదాన్నేనా అనిపించింది. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను.

ఒక ఇంట్లో, "మీటింగా? మాకెవలు చెప్పిన్రు?" అన్నారు. ఇంకో ఇంట్లో ఒకామె, "సర్కారు బడికి మనమెందుకియ్యాలె వదినా? ఇచ్చేటట్టుంటే ప్రైవేటుకే పంపకపోదుమా?" అంది. నిజానికి ఊళ్లో గట్టిగా మాట్లాడగలిగిన వాళ్లందరి పిల్లలూ పొద్దున్నే పసుపురంగు బస్సెక్కి హాలియా పోతున్నారు. మా బడిలో చెప్పే టీచర్ల పిల్లలు కూడా అటువంటి బడుల్లోనే చదువుతున్నారు. ఇక్కడ మిగిలింది కూలికి పోయేవాళ్ల పిల్లలు, గొర్లు కాసేవాళ్ల పిల్లలు, నా బిడ్డ. అడిగే నోళ్లన్నీ బస్సెక్కి పోయాక ఈ బడి సంగతి ఎవరికి పట్టింది?

ఆ ఏడు వినాయక చవితికి నాకొక ఆలోచన తట్టింది. మా ఊళ్లో నిమజ్జనం రోజు లడ్డూ వేలం పాట మహా జోరుగా సాగుతుంది. చందా ఇయ్యమంటే తలుపు వేసుకునే ఊరు, లడ్డూ దగ్గర మాత్రం పోటీలు పడుతుంది. మంటపం కుర్రాళ్లను పట్టుకుని, "పాట అయినంక బడి గురించి ఒక్క మాట మైకుల చెప్పుండ్రి తమ్మీ" అని బతిమాలాను. చెప్పారు. లడ్డూ పాడుకున్నాయన మా ఊరివాడే, నల్లగొండలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. డప్పుల నడుమ మైకు అందుకుని, "మా ఊరి బడికి గావాల్సింది నేను జేపిస్త, నాది జిమ్మ" అన్నాడు. జనం ఈలలు, చప్పట్లు. బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "సైటు మీదున్న చెల్లె, మళ్ల మాట్లాడుత" అనేవాడు. చివరికి దసరాకు ఊరికి వచ్చినప్పుడు ఇంటికే వెళ్లాను. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. మర్యాదకు లోటు లేదు.

"చెల్లె, బడి గేటుకు మంచి కమాన్ కట్టిస్తున్న. మా బాపు పేరు మీద. ఇటుక, సిమెంటు గీ వారంలనే దిగుతది."

"కమాన్ గాదన్నా. ఆడపిల్లల బాత్రూంలకు టాంకీ, పైపులైను గావాలె. కమాన్ కన్న తక్కువలనే అయితది."

ఆయన నవ్వాడు. "బాత్రూం మీద మా బాపు పేరు రాయమంటవా?"

"టాంకీ మీద రాపిద్దాం."

"టాంకీ దిక్కు ఎవలు సూస్తరు చెల్లె? కమాన్ అయితే రోడ్డు మీద పోయేటోళ్లందరికి కండ్లవడ్తది."

నేరుగా సారు దగ్గరికి పోయి, ఒప్పుకోవద్దని చెప్పాను. "ఇచ్చేటోన్ని వద్దంటే రేపు ఇంకెవలిస్తరమ్మా?" అన్నాడు. కమాన్ లేచింది. బడి చుట్టూ గోడ ఒకవైపు కూలి ఉంది. పిల్లలు అంత పెద్ద కమాన్‌ను వదిలేసి, దగ్గరని ఆ కూలిన చోటు నుంచే వచ్చిపోయేవాళ్లు. ప్రారంభం రోజు నన్ను రిబ్బను పక్కన పళ్లెం పట్టుకుని నిలబడమన్నారు. చైర్‌పర్సన్‌ను కదా, నిలబడ్డాను. అందరూ నవ్వుతున్న ఫోటోలో నా ముఖం చూసి మా బిడ్డ, "ఎవలో కొట్టినట్టు ఉన్నవేందే?" అంది.

ఇంతలో యాసంగి నాట్లు మొదలయ్యాయి. మా వాడలో నాట్లు వేసే ఆడవాళ్ల ముఠా ఒకటి ఉంది. దాన్ని నడిపే పెద్దామెను నేను చిన్నమ్మా అని పిలుస్తాను. ఆమె మనవరాలిది మా బిడ్డ తరగతే. ఒకనాడు జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, "ఏందే బిడ్డా, మొకం గట్లున్నది?" అంది. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఎవరికీ పట్టదని, మీటింగంటే ఒక్కరూ రారని.

"పదకొండు గొట్టంగ పెడితివి. గప్పుడు మేం యాడుంటం? మడిల నడుములు వంచి ఉంటం. కూలి ఇడిసిపెట్టి వచ్చి చాయ్ తాగిపోవాల్నా?" అంది.

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. "మరి నన్నేం జెయ్యమంటవ్ చిన్నమ్మా?"

"చందాలంటే మాతోని గాదు. పనైతే జేస్తం. వచ్చే ఐతారం ఒక పొలం గుత్తకు పడత. పిల్లల తల్లులందరం నాటేద్దాం, వచ్చిన కూలి బడికి. నువ్వు సుత రావాలె, ఒడ్డు మీద నిలవడుడు గాదు."

ఆ ఆదివారం పొద్దున మడిలో కాలు పెడితే చలి ఎముకలు కొరికినట్టయింది. పెళ్లయిన తర్వాత నేను నాటు వేయలేదు. వంగి వంగి నడుము పట్టేసింది. వెనక నుంచి ఒకామె, "అక్కా, గది జాకెట్టు కుట్టు గాదు, జర లోపటికి గుచ్చు, తేలుతున్నది" అంటే అందరూ ఒకటే నవ్వు. మధ్యాహ్నం ఒడ్డు మీద సద్దులు విప్పుకున్నాక, నేను అన్నాళ్లుగా పెట్టాలనుకున్న మీటింగు దానంతటదే మొదలైంది. తన పెద్దబిడ్డ డేట్ వచ్చినప్పుడల్లా ఇంట్లో ఉండీ ఉండీ, చదువు అందుకోలేక తొమ్మిదిలోనే మానేసిందని ఒకామె చెప్పింది. చెబుతూ అన్నం కలుపుతూనే ఉంది, తినలేదు. నేను వాళ్ల గడపదాకా పోయినప్పుడు ఈ మాట చెప్పలేదు. చెప్పేంత సేపు నేనూ నిలబడలేదు, ఆమెకూ తీరిక లేదు.

పొలం ఆసామి ఆ సాయంత్రమే కూలి ఇచ్చాడు, సంగతి తెలిసి కొంత కలిపే ఇచ్చాడు. టాంకీ, పైపులు, నల్లాలు తెచ్చాం. ముఠాలో ఒకామె పెనిమిటికి పైపుల పని వచ్చు, బడి బోరుకు కలిపి ఊరికే బిగించి పెట్టాడు. మొదటిసారి నల్లా తిప్పినప్పుడు నీళ్లు దుమికితే ఆడపిల్లలు కేకలు పెట్టారు.

నెల తిరగకముందే మా బిడ్డ వచ్చి చెప్పింది. "అమ్మా, మా బాత్రూంలకు తాళమేసిన్రు. టీచర్లకే తీస్తున్నరు."

కుడుతున్న బట్ట మిషన్ మీదే వదిలేసి బడికి నడిచాను.

"పిల్లలు ఖరాబు జేస్తున్నరమ్మా" అన్నాడు సారు. "ఊడ్చేటామె పని బందు వెట్టింది. లేడీ టీచర్లకు గూడ తిప్పలే గద?"

"సారూ, మేం మడిల దిగింది ఆడపిల్లల కోసం."

"నాకు తెల్వదా? మరి ఎవలు కడగాలె? నన్ను కడగమంటరా?"

ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. తాళం మాత్రం తియ్యలేదు.

చిన్నమ్మకు చెప్పాను. మరునాడు పొద్దున పనికి పోతూ ముఠా ఆటోలన్నీ బడి ముందు ఆపించింది. ఆడవాళ్లందరూ దిగి ఆఫీసు గది ముందు నిలబడ్డారు. "తాళం దియ్యుండ్రి సారూ. మీరు తీసినంకనే మేం పోయేది. ఇయ్యాల కూలి పోతే పోనియ్యి" అంది చిన్నమ్మ. సారు తాళంచెవి పట్టుకుని వచ్చి తీశాడు. నాకు గెలిచినట్టు అనిపించలేదు.

ఎందుకంటే, ఎవరు కడగాలని ఆయన అడిగింది అట్లాగే ఉంది. శనివారాలు తల్లులం వంతులు వేసుకున్నాం. తండ్రులనూ అడిగాను. "ఆడోళ్ల బాత్రూంకు మేమెట్లొస్తం?" అని ఒకాయన పళ్లికిలించాడు. పొలం పనులు ముమ్మరమయ్యాక వంతులు తప్పాయి. చాలా శనివారాలు చీపురు, ఫినాయిలు పట్టుకుని నేను, ఇంకొకామె మిగిలేవాళ్లం. కడుగుతూ ఎవరిని తిట్టుకోలేదని! పైవాళ్లను, సారును, ప్లాట్ల అన్నను, రాని తల్లులను. ఒకసారి మా ఆయన ఇంటికొచ్చి, తడిసిన చీరతో ఉన్న నన్ను చూసి, "బిడ్డను ప్రైవేటుల ఏస్తే అయిపోతది గద, గీ తిప్పలన్ని నీకెందుకు?" అన్నాడు.

"మన బిడ్డకైతే అయిపోతది. చిన్నమ్మ మనవరాలికి?" అన్నాను.

ఆయన మరుసటి శనివారం ఊళ్లోనే ఉన్నాడు, సాయానికి మాత్రం రాలేదు.

నేను పట్టుబట్టి మార్పించింది ఒకటే, మీటింగుల వేళ. పనుల నుంచి ఆటోలు దిగే పొద్దుకు పెట్టించాను. బస్సు తప్పిపోతుందని సారు సణిగాడు. కానీ మొదటి సాయంత్రమే వరండా నిండిపోయింది. కాళ్ల బురద ఆరకుండానే వచ్చి కూర్చున్నారు. ఆ రోజు వాళ్లు నల్లాల గురించి అడగలేదు. "లెక్కల సారును ఎందుకు తోలుతలేరు?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అర్జీ రాయించి, మేమే ఆఫీసుకు పోయి ఇచ్చి వచ్చాం. మళ్లీ పోయాం. మళ్లీ మళ్లీ పోయాం.

లెక్కల సారు వచ్చేసరికి మా బిడ్డ, చిన్నమ్మ మనవరాలు పదో తరగతి దాటేశారు. ఇద్దరూ లెక్కల్లో అత్తెసరు మార్కులతో బయటపడ్డారు. మా అర్జీలకు వచ్చాడో, బదిలీల్లో ఎట్లాగూ రావలసినవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన వచ్చిన పొద్దు చిన్నమ్మ పనికి పోతూ మా ఇంటి ముందు ఆగింది.

"వచ్చిండట బిడ్డా."

"మన పోరగాండ్లు ఎల్లిపోయినంక వస్తే ఎవలకు చిన్నమ్మా?"

"నా చిన్న మనవరాలు ఆరోదిల ఉన్నది గద" అంది.

ఆటో హారన్ కొడుతుంటే ఆమె వెళ్లిపోయింది. ఎవలకు అని అడిగినందుకు ఆ రోజంతా నా మీద నాకే కోపంగా ఉంది.