మరీబాలో ఉండిపోయిన తుపాకీ, తులసి

మా పక్క పొలం పెద్దాయనకి గడియారాల తేడా ఎప్పటికీ పట్టుబడదు. క్వీన్స్‌లాండ్‌లో ఆయనకి బాగా పొద్దెక్కాక ఫోను చేస్తే, ఇక్కడ పెర్త్‌లో నేను ఇంకా దీపంలో వత్తి సరిచేసుకుంటూ ఉంటాను. ఈ ఉదయమూ అలాగే అయింది. దేవుడి ముందు కూర్చుని ఫోను తీయడం నాకు అలవాటు లేదు గానీ, ఆయన ఊసుపోక చేసే మనిషి కారు కనుక తీశాను. తన ముసలి గుర్రం కాలు విరిగి పడిపోయిందనీ, ఇక లేవదని తెలిసి తనే దాని బాధ తీర్చాననీ, తీర్చింది నేను వదిలి వచ్చిన తుపాకీతోనేననీ చెప్పి, ఒక మాట అడిగారు. జవాబు చెప్పాను. ఫోను పెట్టేసి మళ్ళీ పూజలో కూర్చుంటే స్తోత్రం ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. అందుకని లేచి వచ్చి, నా ఈడు వాళ్ళు మీరున్నారు కదా అని, ఇలా చెప్పుకుంటున్నాను.

నేను వదిలి వచ్చిన తుపాకీ అన్నానని కంగారు పడకండి. అది అప్పట్లో నా పేరున లైసెన్సు ఉన్న తుపాకీయే. ఉల్లిపాయ కూడా తినని మనిషికి తుపాకీ ఏమిటని మా వదిన ఒకసారి ఫోనులో నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆమెను తప్పు పట్టను, నాకూ అలాగే అనిపించేది.

నేను బడి గడప తొక్కలేదు. చిన్నతనంలో ఆయాసం ఎక్కువగా ఉండేదని తాతయ్య నన్ను వసారాలోనే కూర్చోబెట్టుకుని తెలుగూ లెక్కలూ నేర్పారు. ఇంగ్లీషు పెళ్ళయ్యాక మావారు నేర్పారు. తాతయ్య నేర్పినవాటిలో చదువు కొంతే. ఏ పని ముగించినా, ఆ పనికి సాయపడిన దానికి ఒక దణ్ణం పెట్టి లేవమనేవారు. పలక తుడిస్తే పలకకి, పప్పు రుబ్బితే రోలుకి. పక్కన పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అది ఊపిరిలా అలవాటైపోయింది, విమానం దిగేటప్పుడు కూడా దాని గోడ తాకి దణ్ణం పెట్టుకునే దిగుతాను.

మావారు వ్యవసాయం చదివిన మనిషి. పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికని ఈ దేశం వచ్చి, కొన్నేళ్ళు చేశాక, మరీబా ఊరి బయట మామిడి తోట కొన్నారు. తోట కొన్న వారంలోనే పక్క పొలం పెద్దాయన కంచె దగ్గరికి వచ్చి, తుపాకీ ఉందా అని అడిగారట. లేదంటే, గాయపడ్డ జంతువు ఏదో ఒక రోజు నీ పొలంలో పడుతుంది, ఆ రోజు నువ్వు దాని ముందు వట్టి చేతులతో నిలబడకూడదు అన్నారట. మావారు బుద్ధిగా లైసెన్సు తీసుకుని ఒక రైఫిలు కొన్నారు. చట్టప్రకారం గోడకి బిగించిన ఇనప బీరువాలో దాన్నీ, వేరే పెట్టెలో తూటాలనీ పెట్టి తాళాలు వేశారు. అంతే. అప్పుడప్పుడు తీసి నూనె పట్టించి మళ్ళీ పెట్టేసేవారు. పందులు రాత్రుళ్ళు వచ్చి నీళ్ళ పైపులు తవ్విపోసినా దాని జోలికి పోలేదు. పంది అంటే వరాహస్వామి, ఆయన మీద మన ఇంట్లో ఎవరూ చెయ్యెత్తరని నేను ముందే చెప్పేశాను. నీ దేవుడు భూమిని ఎత్తాడు సరే, నా పైపులు కూడా ఎత్తుతున్నాడే అని మావారు విసుక్కుంటూనే కరెంటు కంచె వేయించారు.

ఒక ఎండాకాలం పొద్దున ఆ రోజు రానే వచ్చింది. వాలబీ అని, కంగారూకి చెల్లెలి వరసలాంటి చిన్న జంతువు, ముళ్ళ కంచెలో చిక్కుకుని తుంటి విరగ్గొట్టుకుంది. మావారు బీరువా తీసి తుపాకీ పట్టుకెళ్ళారు, దాని ఎదురుగా నిలబడ్డారు, తిరిగి వచ్చేశారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చేశారు. ఆయన చేతులు అలా వణకడం నేను మా అమ్మాయి పుట్టిన రోజున మాత్రమే చూశాను. పెద్దాయన ఎక్కడో సంతకి వెళ్ళి ఉన్నారు, ఆయన వచ్చి దాని బాధ తీర్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ నేను ఆ ప్రాణి పక్కన గొడుగు పట్టుకుని కూర్చుని నోట్లో నీళ్ళ చుక్కలు వేస్తూ ఉన్నాను. అది నన్నే చూస్తూ ఉంది. సాయంత్రం మావారు అన్నం కలుపుకుని తినకుండా కూర్చుంటే, ఆ లైసెన్సేదో నేను తీసుకుంటాను అన్నాను. ఆయన వద్దనలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

జన్మలో నేను రాసిన మొదటి పరీక్ష అదే. తుపాకీ భద్రంగా ఎలా పట్టుకోవాలో, ఎలా దాచాలో నేర్పే తరగతి. చుట్టూ అంతా టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు, మధ్యలో చీర కట్టుకుని బొట్టు పెట్టుకుని నేను. నేర్పే ఆయన నన్ను తప్పిపోయి వచ్చాననుకుని, వంటల తరగతి పక్క గదిలో ఉందని మర్యాదగా చెప్పారు. పరీక్ష అయ్యాక మాత్రం నా చెయ్యి బండరాయిలా కదలకుండా ఉందని మెచ్చుకున్నారు. ఇంటికి వచ్చి తాతయ్య ఫొటోకి దణ్ణం పెట్టుకున్నాను. మా అమ్మాయి అప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. తన స్నేహితులందరికీ మా అమ్మకి ఉన్న ఒకే ఒక సర్టిఫికెట్ గన్ లైసెన్స్ అని చెప్పుకుని తిరిగింది.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ. కత్తిపీట, తోట కత్తెరలు, ట్రాక్టరు తాళాలు, వాటి పక్కన తుపాకీ పెట్టి పసుపు కుంకుమ అద్దాను. మన పద్ధతి ప్రకారం మర్నాటి దాకా కదపకూడదు కదా. మావారు చూసి గాభరా పడ్డారు, రాత్రంతా అది బయట ఉంటే నేరమన్నారు. తుపాకీ దేవుడి దగ్గరికి రాకూడదు గనుక దేవుణ్ణే తుపాకీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఇనప బీరువాకి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, దాని ముందే దీపం పెట్టాం. సరిగ్గా ఆ వారంలోనే, తుపాకీ సరిగ్గా దాస్తున్నామో లేదో చూసి పోవడానికి పోలీసాయన వచ్చారు. దండ వేసిన బీరువాను చాలాసేపు చూశారు. తాళం లాగి చూశారు, గోడకి బిగించిన మేకులు చూశారు, అంతా బాగానే ఉందన్నారు. పులిహోర తిని వెళ్ళారు. మరుసటి ఏడు మాత్రం దసరా ఎప్పుడని ముందే కనుక్కుని వచ్చారు.

నేను తుపాకీ పట్టిన సందర్భాలు తక్కువే. అన్నీ ఒకేలాంటివి. బాగుపడే ఆశ లేని ప్రాణి అయితేనే, అదీ దాని మనుషులు పిలిస్తేనే. ముందు మా కుండీలోని తులసి ఆకులు వేసిన నీళ్ళు ఉద్ధరిణతో నోట్లో పోసేదాన్ని. చెవి దగ్గర నారాయణ నామం అనేదాన్ని. ఆ తరువాత, అది ఆవైతే ఇచ్చిన పాలకీ, గుర్రమైతే మోసిన మోతకీ, పేరుపేరునా కృతజ్ఞత చెప్పేదాన్ని, ఇంగ్లీషులోనే, దాని మనుషులకి కూడా వినపడాలని. అప్పుడు పని ముగించేదాన్ని.

పక్క పొలం పెద్దాయన నన్ను పిలిచింది తన కుక్క కోసం. ఎన్ని పశువుల బాధ తీర్చిన మనిషో లెక్కలేదు, ఆ కుక్క ముందు మాత్రం మావారిలాగే అయిపోయారు. "నా వల్ల కావడం లేదు మిసెస్. మీరొస్తారా?" అన్నారు. నన్ను ఎప్పుడూ మిసెస్ అనే పిలిచేవారు, నా పేరు ఆయనకి తెలుసో తెలీదో ఇప్పటికీ నాకు తెలియదు. వెళ్ళాను. ఉద్ధరిణ చూసి అది మందా అని అడిగారు. కాదు, ప్రయాణానికి నీళ్ళు అన్నాను. ఆయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని నిలబడ్డారు. పని ముగించి ఇంటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున మా గేటు దగ్గర గుమ్మడికాయలు పెట్టి ఉన్నాయి.

తరువాత మావారికి మూత్రపిండాలు చెడిపోయాయి. కెయిన్స్ ఆసుపత్రిలో చివరి రోజు, నర్సు ఎంతో మంచి అమ్మాయి, తులసి నీళ్ళ చుక్కతో పెదవులు తడపనిచ్చింది. అదే ఉద్ధరిణ. నామం చెవిలో చెప్పాను. ఆ తరువాత చెప్పవలసినది నోరు తెరిస్తే రాలేదు. పశువుకీ కుక్కకీ చెప్పినదాన్ని, ఇంగ్లీషు నేర్పిన మనిషికి, వద్దనకుండా తుపాకీ చేతికిచ్చిన మనిషికి చెప్పలేకపోయాను. అప్పటినుంచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కినట్టు లోపల ఎక్కడో ఏమీ తెలియడం లేదు. ఏడుపు కూడా రాలేదు. వచ్చిన వాళ్ళకి కాఫీలు కలిపిచ్చాను.

తోట అమ్మేశాం. అమ్మాయి, అల్లుడు పెర్త్ రమ్మన్నారు. రావడానికి నాకేమీ అభ్యంతరం లేదు, ఎక్కడైనా దీపం పెట్టుకునే చోటుంటే చాలు. తుపాకీ ఒక్కటి నాతో తెచ్చుకుందామనుకున్నాను. అదే మొదటిసారి అమ్మాయి నాతో గట్టిగా మాట్లాడడం.

"అమ్మా, నువ్వు వచ్చెయ్, కానీ గన్ మాత్రం వద్దమ్మా. ప్లీజ్. పిల్లలున్న ఇల్లు."

"బీరువాలో ఉంటుంది కదే."

"బీరువా గురించి కాదమ్మా. ఇక్కడ గన్ లా అక్కడికంటే చాలా స్ట్రిక్ట్. ఈమధ్య ఇంకా టైట్ చేశారు. ఎందుకు కావాలో రీజన్ చూపించాలి. నువ్వు ఏం రీజన్ చెప్తావు, చెప్పు."

వెనకనించి అల్లుడు, తులసి మొక్క కూడా రానివ్వరు అత్తయ్యగారూ, ఈ రాష్ట్రంలోకి మొక్కా మట్టీ ఏదీ తేకూడదు, ఆవకాయ సంగతి మాత్రం కనుక్కుంటాను లెండి అన్నాడు. నవ్వించాలని అన్నాడని తెలుసు. నవ్వాను కూడా.

అయినా మనసొప్పక, పెర్త్ లైసెన్సుల కార్యాలయానికి నేనే ఫోను చేశాను. ఒక పెద్దావిడ మాట్లాడింది. గొంతులో విసుగన్నది లేదు. మీకు పొలం ఉందా అని అడిగింది. లేదన్నాను. ఎవరి పొలంలోనైనా వాడుకునేందుకు అనుమతి ఉందా అంది. లేదన్నాను. క్లబ్బులో చేరి గురి అభ్యాసం చేస్తారా అంది. నాకు గురి చూడటం సరదా కాదన్నాను. మరి ఎందుకు కావాలని అడిగింది. నేను అబద్ధం చెప్పలేను, "ఎవరైనా పిలిస్తే వెళ్ళడానికి" అన్నాను. వివరంగా చెప్పాను కూడా, ఆవుల సంగతీ, కుక్క సంగతీ. అంతా విన్నది. "సిటీలో మిమ్మల్ని అలా ఎవరూ పిలవరు డియర్" అంది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నా మనవలు నిద్రపోయే ఇంట్లో తుపాకీ ఉండకూడదని పట్టుబట్టే చట్టం మంచి చట్టమే, దానికి కూడా దణ్ణం పెట్టవలసిందే. నా దగ్గర ఉన్న కారణం ఆ చట్టంలో లేదు, అంతే.

తుపాకీని పక్క పొలం పెద్దాయనే తీసుకుంటానన్నారు. ఊళ్ళో తుపాకులు అమ్మే కొట్టులో చేతులు మార్చాలి, అదీ చట్టమే. కొట్టు కుర్రవాడు దాన్ని బల్ల మీద పెట్టి చూసి, చెక్క మీద దసరానాటి కుంకుమ బొట్టు కనిపిస్తే తుడవడానికి నూనెగుడ్డ తీశాడు. "అది ఉండనీ" అన్నారు పెద్దాయన. కుర్రవాడు గుడ్డ పక్కన పెట్టాడు. నేను తుపాకీకి దణ్ణం పెట్టుకున్నాను. చెయ్యి దాని మీద ఉంది గానీ చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియలేదు. బయటికి వచ్చాక తులసి కుండీని ఆయన ట్రక్కులో వెనక పెట్టి, తాడు కట్టి, రోజూ నీళ్ళు పోయాలి, సాయంత్రం పూట తెంపకూడదు అని చెప్పాను. "నో వర్రీస్ మిసెస్" అన్నారు. ఎందుకు తెంపకూడదో అడగలేదు.

ఇవాళ ఆయన అడిగింది ఇదీ. గుర్రానికి తులసి నీళ్ళు పోశారట, ఉద్ధరిణ లేక టీ చెంచాతో. చెవి దగ్గరికి వంగారట. నేననే నామం ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదట. "అందుకని రెండోదే చెప్పాను మిసెస్. థాంక్స్ అని. ఇన్నేళ్ళు మోసినందుకు. అదొక్కటే సరిపోతుందా?"

సరిపోతుందన్నాను. అసలు చెప్పవలసినది అదేనన్నాను.

ఫోను పెట్టేశాక దీపం వైపు తిరిగితే మావారి ఫొటో కనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆసుపత్రిలో నోటిదాకా కూడా రాలేదు, ఇవాళ అంతవరకైనా వచ్చింది. రేపు మళ్ళీ దీపం పెట్టుకుంటాను కదా.

ఇక్కడ ఒక తెలుగువాళ్ళమ్మాయి నాకు తులసి మొలక ఇచ్చింది, ఇంకా నాలుగాకులే. మా అమ్మాయి వాళ్ళు ఆఫీసుకి వెళ్ళేముందు నేను పిల్లల డబ్బాలు కట్టిపెడతాను, ఎండలో ఆరిన బట్టలు తీస్తాను, చిన్నదానికి జడ వేస్తాను, అది నా తెలుగు విని ఇంగ్లీషులో కబుర్లు చెబుతుంది. భగవంతుడు దేనికీ లోటు చెయ్యలేదు. నా చేతులు ఇప్పటికీ వణకవు. కానీ ఒకప్పుడు మనుషులు తాము మోయలేనిది తెచ్చి ఈ చేతుల్లో పెట్టేవాళ్ళు. ఇప్పుడు వీటికి అప్పగించే పనులన్నీ తేలికైనవే.