చింతపండుతో తోమిన పలక

ఇత్తడి కుందులు చింతపండుతో తోముతుంటే చిన్నప్పుడు అమెరికాలో, చాండ్లర్ ఊళ్ళో మేమున్న ఇంటి గరాజ్ గుర్తొస్తుంది.

నాన్న కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీ నుంచి అలసిపోయి వచ్చి కూడా, తెలిసినవాళ్ళు తెచ్చే పాత వేట తుపాకుల మీది పూలు చెక్కిన ఇత్తడి పలకలు అసలైనవో, తర్వాత బిగించినవో చూసి చెప్పేవారు. ఒకసారి అమ్మ మురికి అనుకుని ఒక పలకను చింతపండుతో తళతళా తోమేసింది.

నాన్న కుర్చీలో కూలబడ్డారు. "ఆ నలుపు చూసే కదే ఒరిజినలో కాదో చెప్పేది! ఇంక ఎవరు నమ్ముతారు?"

ఆ ఆదివారం అమ్మ ఎప్పట్లాగే నాకు సున్నిపిండి పెట్టి, "ఈ నలుపు ఎప్పటికి వదుల్తుందో" అంటూ మెడ రుద్దుతోంది.

"అమ్మా, స్టాప్! నలుపు పోతే నేను ఒరిజినల్ అని ఎవరూ నమ్మరు" అన్నాను భయంగా.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. సున్నిపిండి గిన్నె పక్కన పెట్టి నీళ్ళు పోసింది.

నాకిప్పుడు అంతలా రుద్దే ఓపిక తగ్గింది. కుందుల గీతల్లో నలుపును అలాగే ఉండనిస్తాను.